ఉగాది సంకల్పము ఏరువాకదాక నిలుచుటెట్లు?

ఉగాదినాడు వేపపూవు పచ్చడి తిని, పంచాంగశ్రవణము ముగిసిన పిమ్మట రచ్చబండకడ కూర్చుండి మన రైతులు చేసికొను సంకల్పములు విన్నవారికి, ఆ సంవత్సరము గ్రామమే మారిపోవునని తోచును. ఒకరు "ఈ యేడు సంఘము బాకీ పైసలతో సహా తీర్చివేసెదను" అందురు. వేరొకరు పేడయంతయు వీథిపాలు కానీయక పెంటగుంట త్రవ్వించెదనందురు. ఇంకొకరు ప్రతిదినము జమాఖర్చు వ్రాసెదనని అంగడికి పోయి క్రొత్త పుస్తకము కొందురు. ఏరువాక పున్నమ వచ్చునప్పటికి వీనిలో ఎన్ని మిగులునో మేము వ్రాయనక్కరలేదు. పుస్తకములో మొదటి నాలుగు పుటలకు మాత్రమే సిరా తగిలియుండును. తక్కిన కాగితములతో పిల్లలు తొలకరి నీళ్లలో పడవలు విడుతురు.

ఈ లోపమునకు మనవారు ఆరంభశూరత్వమని పేరిడి, ఆంధ్రులకు అది పుట్టుకతో వచ్చినదన్నట్లు చెప్పుకొనుచుందురు. అది సత్యము కాదు. అమెరికా దేశమున క్రొత్త సంవత్సరారంభమున సంకల్పములు చేసికొనుట వాడుక. నార్‌క్రాస్ అను మనశ్శాస్త్రజ్ఞుడును అతని తోడివారును 2002లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, ఆరు నెలలు గడచునప్పటికి తమ మాట నిలుపుకొంటిమని చెప్పినవారు నూటికి 46 మంది. అనగా సగమునకు మించినవారు అక్కడను తప్పిరి. అయితే ఆ పరిశీలనలోనే మరియొక సంగతి కలదు. అట్టి మార్పునే కోరుచుండియు సంకల్పము చేసికొననివారిలో నూటికి నలుగురు మాత్రమే కృతార్థులైరి. కావున రచ్చబండకడ ఆడిన మాటను వట్టిదని త్రోసివేయుట తగదు. నోటిమాట చేతిపనిగా మారుటకు త్రోవ యొకటి కావలయును. ఆ త్రోవనుగూర్చియే ఈ నెల వ్రాయదలచితిమి.

ముందుగా ఈ విషయములో మనకు పోవునదేమో, వచ్చునదేమో చూతము. ఒక రైతు మూడెకరముల వరికి సంఘమున 60,000 రూపాయలు పంటఋణము తీసికొనెననుకొందము. కేంద్రప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకము క్రింద మూడు లక్షల లోపు పంటఋణమునకు సాలుకు నూటికి 7 వంతున వడ్డీ. గడువులోపల చెల్లించినవారికి అందులో 3 వంతులు తగ్గును. కావున సకాలమున చెల్లించువానికి సాలుకు వడ్డీ 2,400 రూపాయలు. గడువు దాటించినవానికి ఆ తగ్గింపు 1,800 రూపాయలు పోయి 4,200 అగును. ఇంతతో పోయినచో పెద్ద చిక్కు లేదు. బాకీదారునకు సంఘము మరల ఋణమీయజాలదు. నారుమడికి అదను మించిపోవుచుండును. అప్పుడు ఆ రైతు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు చేయును. 60,000 రూపాయలకు ఆ లెక్కను సంవత్సరమునకు వడ్డీ 14,400. అట్లు రెండు మూడు సాలులు గడచినపిమ్మట ఇంటి ఇల్లాలి మెడలోని గొలుసు కుదువకు పోవును. దానివెనుక చెరువుక్రింది చెక్క పోవును. ఈ కథకు మొదలు దుర్వ్యసనమని తలపరాదు. మంచివారి ఇండ్లలోనే మేము దీనిని పెక్కుమారులు చూచితిమి. "ఈ యేడు తీర్చెదను" అను నిజమైన సంకల్పము గల ఇండ్లలోనే చూచితిమి.

సంకల్పము చెడుటకు మొదటి కారణము దాని పరిమాణము. "బాకీ యంతయు తీర్చెదను", "పొలమంతయు బాగుచేసెదను" అను మాట గొప్పగా నుండును గాని రేపటి ఉదయము లేచి ఏమి చేయవలయునో చెప్పదు. పని ఎదుట కొండవలె నిలిచియుండును. ఎంత చేసినను తరిగినట్లు కనబడదు. కనబడనప్పుడు ఉత్సాహము సన్నగిల్లును.

1981లో బందూరా, షంక్ అను పండితులిద్దరు తీసివేత లెక్కలు రాని పిల్లలమీద ఒక పరీక్ష చేసి ప్రకటించిరి. పాఠము మొత్తము 42 పుటలు. కొందరు పిల్లలకు "పూటకు ఆరు పుటలు చేయుడు" అని చెప్పిరి. కొందరికి "ఏడు పూటలలో 42 పుటలు ముగింపుడు" అని చెప్పిరి. లెక్క చూడగా రెండును ఒక్కటే. అయినను పూటకు ఆరు పుటలవారు చక్కగా నేర్చిరి, తమకు లెక్కలు వచ్చునను ధైర్యము పొందిరి, తరువాత ఎవరును చెప్పకయే లెక్కల కాగితములు తీసి చేయనారంభించిరి. రెండవ తెగవారు, ఏ గురియు చెప్పనివారికంటె పెద్దగా మెరుగుపడలేదు. మేము చదివిన మిషను పాఠశాలలో మా అయ్యవారు ఒక్క పలకకు ఐదు లెక్కలకంటె ఎక్కువ వేయనిచ్చెడివారు కారు. అవి దిద్ది, పలక తుడిపించి, మరల ఐదు. ఆయన ఈ పండితుల పేరు విని యుండరు.

చిన్నపని యనగా చిన్న ఆశ యని కొందరు పొరబడుదురు. మన సహకారోద్యమమునకు మూలపురుషులైన రాచ్‌డేలు నేతపనివారి చరిత్ర చూడుడు. 1844లో ఇంగ్లండులోని ఆ పట్టణమున 28 మంది కలిసి సంఘము పెట్టునప్పుడు వారు వ్రాసికొనిన ఉద్దేశములలో అంగడి మాత్రమే కాదు, సభ్యులకు ఇండ్లు కట్టుట, సరకులు తయారుచేయుట, పనిలేనివారికి భూమి సంపాదించుట, తుదకు స్వయంపోషకమైన ఒక గ్రామమునే నిలుపుట యను కోరికలు కలవు. ఇంత పెద్ద ఆశ గలవారు చేసినదేమి? వారమునకు రెండు పెన్నీలు, తరువాత మూడు పెన్నీలు చొప్పున చందా కూడబెట్టిరి. తలకొక పౌను చొప్పున 28 పౌనులు కూడినవి. ఆ యేడు డిసెంబరు 21వ తేదీని టోడ్ లేన్ అను సందులో అంగడి తెరచినప్పుడు అందులో ఉన్నవి వెన్న, పంచదార, గోధుమపిండి, ఓటుపిండి, కొన్ని కొవ్వొత్తులు. మొదట్లో వారమునకు రెండు సాయంకాలములు మాత్రమే తలుపు తీసెడివారు. ఊరి వర్తకులు నవ్విరట. ఇండ్లు కట్టువరకు అంగడి తెరవమని వారు భీష్మించి యుండినచో, ఈనాడు ఈ పత్రిక యుండదు, మన సంఘమును ఉండదు.

ఇక మన పెంటగుంటకు వత్తము. డిమాన్‌స్ట్రేటరు వచ్చి చెప్పగానే ఇరువదియడుగుల గుంట త్రవ్వవలయునని రైతు తలచును. కూలీలను వెదకును. కూలి రేటు విని "కోతలైన తరువాత చూతము" అనును. కోతలైన తరువాత మినుములు, మినుములైన తరువాత పెండ్లిండ్లు, అంతలో వాన. మేము ఈ విధముగా చెప్పుచున్నాము: మొదట మూడడుగుల గుంట చాలును. డాక్టరు సి. ఎన్. ఆచార్యగారు చెప్పిన కందకపు పద్ధతి స్వభావమే ఇట్టిది. ఇరువది లేక ఇరువదియైదు అడుగుల పొడవు, ఐదారడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గల కందకములో ఒక కొననుండి మూడడుగుల పొడవు మాత్రము ఒకసారికి నింపుదురు. చెత్త నేలమట్టమునకు పైన ఒకటిన్నర రెండడుగుల ఎత్తునకు రాగానే గోపురమువలె గుండ్రముగా సర్ది, పేడయు మన్నును కలిపిన అడుసుతో మెత్తి, ప్రక్కనున్న మూడడుగులకు జరుగుదురు. నాలుగైదు నెలలలో ఎరువు సిద్ధమగును. కందకమంతయు ఒక్కనాడే త్రవ్వియుండనక్కరలేదు. మూడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, మూడడుగుల లోతు అనగా 45 ఘనపుటడుగులు. నాటికొక అడుగు లోతు చొప్పున మూడు ఉదయములు తండ్రియు కొడుకును పలుగు పార పట్టిన ముగియును. ఆ భాగము నిండులోపల రెండవ భాగము త్రవ్వుటకు కొన్ని వారముల వ్యవధి దొరకును. చైత్రమున నిండిన భాగము శ్రావణ భాద్రపదములకు పక్వమై రబీ పైరునకు అక్కరకు వచ్చును. ఆ మొదటి ఎరువు చేతికి తీసి, అది నల్లగా, పొడిపొడిగా, దుర్వాసన లేకుండుట చూచిన రైతునకు రెండవ కందకమునుగూర్చి మేము చెప్పవలసిన పని యుండదు.

దీని విలువయు చెప్పుట మంచిది. బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక టన్నులో ఇంచుమించు ఐదు కిలోల నత్రజని యుండును. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోలకు కొంచెము పైన. కావున నాలుగు టన్నుల ఎరువు నత్రజని లెక్కకు ఒక యూరియా బస్తాకు సమానము. ఎరువులోనిది నిదానముగా పైరునకు అందును. నేలకు వచ్చు పదును, గుల్లతనము, ఇతర పోషకములు అదనపు లాభము. ఒక పెద్ద పశువు దినమునకు ఇంచుమించు పది కిలోల పేడ వేయును. పేడను పిడకలు చేసినవారికిని ఒక మాట: మూత్రమునందు నత్రజని పేడయందుకంటె దట్టముగా నుండును; దానిని ఎవ్వరును పిడకలు చేయలేరు గదా. అదియైనను గుంటకు చేర్చుడు.

చేర్చుట యెట్లు? ఇక్కడ రెండవ రహస్యము కలదు. "ప్రతిదినము చెత్త వేసెదను" అనుకొనినచో మరచిపోవుదుము. మనము ఎట్లును మానని పని యొకదానికి క్రొత్తపనిని ముడివేయవలయును. పాలు పితుకుట ఏ ఇంటను మానరు. కావున "సాయంకాలము పాలు పితికి చెంబు లోపల పెట్టినవెంటనే రెండు తట్టల ఎండాకు, ఊడ్పుచెత్త పశువుల క్రింద పరచెదను, ఉదయము పాలు పితికినవెంటనే తడిసిన ఆ పరుపును పేడతో కూడ గుంటలో వేసెదను" అని నిశ్చయించుకొనవలెను. ఎప్పుడు, ఎక్కడ, దేనివెంట చేయుదుమో ముందుగా చెప్పుకొనినవారు ఎక్కువగా నెరవేర్తురని గోల్‌విట్జర్ అను జర్మను పండితుడు పెక్కు పరీక్షలవలన చూపెను. జమాఖర్చు పుస్తకమును అంతే. రాత్రి భోజనము చేసి చేయి కడిగినపిమ్మట ఒక్క పంక్తి. పుస్తకము పెట్టెలో గాక, చేయి తుడుచుకొను తువ్వాలు వ్రేలాడు మేకుననే దారముతో వ్రేలాడగట్టవలెను.

ఒక పని అలవాటుగా స్థిరపడుటకు ఎంతకాలము పట్టునని పలువురు అడుగుదురు. మండలము, అనగా నలువది దినములు, అని మన పెద్దల వాడుక. లండను నగరమున లాలీ అను విదుషియు ఆమె తోడివారును 96 మందిని పండ్రెండు వారములు పరిశీలించి 2010లో ప్రకటించిన లెక్కలో నడిమి సంఖ్య 66 దినములు. అయితే కొందరికి 18 దినములే చాలెను. కొందరికి 254 దినములు పట్టునని లెక్కకు వచ్చెను. మనిషికిని మనిషికిని, పనికిని పనికిని ఇంత భేదము కలదు. కావున ప్రక్కింటివాడు నెలకే అలవాటుపడెనని తాను నిరాశ చెందనక్కరలేదు.

డబ్బువిషయమున మాత్రము పని చిన్నదైన చాలదు, సమయము సరియైనది కావలయును. పశ్చిమ కెన్యాలో బుసియా అను జిల్లా కలదు. అక్కడి మొక్కజొన్న రైతులు తమ పొలములలో ఎరువు వేసి ఫలితము చూచిరి. "వచ్చు పంటకు ఎరువు వేయుదురా?" అని అడుగగా దాదాపు అందరును వేయుదుమనిరి. వేసినవారు మూడవవంతుకు కొంచెము పైన. వారు అబద్ధమాడలేదు. పంట అమ్మిననాడు చేత డబ్బున్నది, ఎరువు అక్కర రాలేదు. అక్కర వచ్చిననాటికి డబ్బు లేదు. డుఫ్లో, క్రెమర్, రాబిన్‌సన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు కోతలైన వెంటనే మనిషిని ఇంటికి పంపి, "ఇప్పుడే సొమ్మిచ్చినచో, ఎరువు వేళకు ఉచితముగా ఇంటికి చేర్చెదము" అని చెప్పించిరి. ఈ చిన్న సదుపాయముచేతనే ఎరువు వాడువారు అంతకుముందున్నదానిపై సగమునకు సగము పెరిగిరి. తరువాత ఎరువు వేయు కాలమున సగము ధరకే ఇచ్చినప్పుడు కలిగిన ఫలితమును ఇంచుమించు అంతే. ఈ పరిశీలన 2011లో ప్రకటింపబడినది. చదివినప్పుడు మాకు బుసియా జిల్లా కనబడలేదు. మన కల్లములే కనబడినవి.

కల్లమునాడు మన రైతు రాజు. ఆనాడు అతనిని చూడవచ్చువారెందరు! ఎరువుల దుకాణదారు, ట్రాక్టరు యజమాని, కోతయంత్రపువాడు, చీటీపాట నడుపువాడు, బంధువులు. సంఘము కార్యదర్శి మాత్రము అక్కడ నుండడు. అతడు గడువు దినమున నోటీసు పంపును. అప్పటికి మిగులునది నోటీసు చదువు ఓపిక మాత్రమే.

కావున బాకీని రూపాయలలో గాక బస్తాలలో తలపుడని మేము చెప్పుదుము. పై రైతు లెక్కనే తీసికొందము. అసలును వడ్డీయు కలిసి 62,400 రూపాయలు. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకపు వడ్లకు కనీస మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు 1,776 రూపాయలు, కొన్ని పైసలు. బాకీ తీరుటకు కావలసినవి 36 బస్తాలు. ఎకరమునకు 25 బస్తాల చొప్పున పండినచో మొత్తము 75. అనగా ఇంచుమించు రెండింట ఒక బస్తా. ఇక సంకల్పము చేయుటకు తేలిక: "కాటా ఎక్కిన ప్రతి రెండవ బస్తా సంఘమునది." దానిమీద ఎర్రమన్నుతో ఒక బొట్టు పెట్టుడు. బొట్టు బస్తాలు వేరు వరుసను పేర్చుడు. పిల్లవాడు సైతము లెక్కింపగలడు. మా మండలములోని ఒక రైతు ఇట్లు చేసినప్పుడు, చీటీపాటవాడు వచ్చి ఆ వరుసను చూపి "ఇవి యెవరివి?" అని అడిగెను. "మా సంఘమువి, నేను కాపలా మాత్రమే" అని అతడు చెప్పెను. వచ్చినవాడు మారుమాటాడక తక్కిన వరుస వైపు తిరిగెను. తన సొమ్ముకు కాదని చెప్పలేని మనిషి, పరులసొమ్ముకు సులభముగా చెప్పగలిగెను.

ఇప్పుడు పెక్కుచోట్ల కోతయంత్రము దిగి, వడ్లు ఇంటికి రాకయే కొనుగోలు కేంద్రమునకు పోవుచున్నవి. సొమ్ము ఖాతాలో పడుచున్నది. అట్టివారు బస్తాలకు బొట్టు పెట్టలేరు. వారు సొమ్ము పడినట్లు ఫోనులో కబురు వచ్చిన దినముననే, రెండవ పూట కాకమునుపే, సగము సంఘమునకు మార్పించవలెను. కౌలురైతులకు ఈ సగము లెక్క పనికిరాదు. కౌలు బస్తాలు ముందు తీసివేసి, మిగిలినదానిలో ఎన్నింట ఒకటియో కార్యదర్శితో కూర్చుండి లెక్కవేసికొనవలెను. కొందరికి అది మూడింట రెండు కావచ్చును. అది కఠినమే. అట్టివారు ఋణము తీసికొనునప్పుడే ఆ లెక్క చూచికొనుట మేలు.

"మాఫీ వచ్చునేమో, తొందరయేల?" అను తలంపు కొందరిని పట్టి యుండుట మేమెరుగుదుము. 2008లో కేంద్రప్రభుత్వమును, 2014లో రెండు తెలుగు రాష్ట్రములును, 2024లో తెలంగాణ రాష్ట్రమును ఋణమాఫీ జరిపిన మాట నిజమే. వచ్చినప్పుడు పుచ్చుకొనుటకు దోషము లేదు. కాని ఎప్పుడు వచ్చునో, ఎంతకు వచ్చునో, ఏ తేదీ ఋణమునకు వచ్చునో తెలియనిదానికి పందెము కట్టి, నెలకు రెండు రూపాయల వడ్డీని కొని తెచ్చుకొనుట ఏ లెక్కకును నిలువదు.

ఇంత చెప్పినను, ఈ విద్యలో మగవారికంటె మన స్త్రీలే ముందున్నారని ఒప్పుకొనవలయును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా కార్యక్రమమున చదువు నేర్చిన స్త్రీలు సారా అంగడి మూయించిరి. రోశమ్మ పేరు ఆనాడు రాష్ట్రమంతట మ్రోగెను. ఆ ఉద్యమము వ్యాపించి 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషేధింపబడెను. దానిపిమ్మట ఆ జిల్లాలో జరిగినదే మాకు మరింత ముచ్చట గొలుపును. సారా మానినచో మిగులు డబ్బును ఏమి చేయుదురు? ఊరకున్నచో అది వేరొక కంతలో పోవును. అప్పుడు పుట్టినది పొదుపులక్ష్మి. దినమునకు ఒక్క రూపాయి. కూలికి పోవు స్త్రీయు చేయగలిగినంత చిన్నది. నెలకు ముప్పది రూపాయలు పట్టుకొని అందరును ఒకచోట కూడుదురు, పుస్తకములో వ్రాయించుకొందురు. తరువాత ఈ రాష్ట్రములందు లక్షలకొలది స్త్రీలు స్వయంసహాయక సంఘములలో చేరుటకు ఆ రూపాయియే ఒక పెద్ద త్రోవ చూపెను. ఇక్కడ గమనింపదగినదొకటి కలదు. "త్రాగనీయము" అను ప్రతిజ్ఞవెంట "కూడబెట్టుదుము" అను పని వచ్చెను. 2020లో స్వీడను దేశమున 1,066 మందిని సంవత్సరము పొడవున పరిశీలించి ప్రకటించిన లెక్కలోను, ఏదేని చేయుదుమని పూనినవారిలో నూటికి 59 మంది నెగ్గగా, ఏదేని మానుదుమని పూనినవారిలో 47 మంది నెగ్గిరి. చుట్ట మానదలచినవారు "మానితిని" అని ఊరకుండక, చుట్టకు పోవు డబ్బును సాయంకాలమే ఇల్లాలిచేతికి ఇచ్చు పనిని పూనినచో మంచిదని మా అభిప్రాయము.

మనస్సు సంగతి కొంచెము చెప్పవలసియున్నది. "మా వంశమున లెక్క వ్రాసినవారు లేరండి", "నా చేయి పొదుపు చేయి కాదు" అను మాటలు గ్రామములలో తరచు విందుము. ఇట్లనువాడు తప్పినప్పుడు ఆశ్చర్యపడడు. తన మాట నిజమైనదని సంతసించినట్లే కనబడును. నేర్పు పుట్టుకతో రానక్కరలేదు, సాధనచే పెరుగునని నమ్మువారు కష్టమునకు ఎక్కువగా నిలుతురని డ్వెక్ అను అమెరికా పండితురాలు 2006లో ఒక గ్రంథము వ్రాసెను. అది మేలైన మాట. అయితే ఆ నమ్మకమును బోధించినంతనే అద్భుతములు జరుగునని అనుకొనరాదు. 2019లో పండ్రెండువేలకు మించిన అమెరికా విద్యార్థులలో పరీక్షింపగా, వెనుకబడిన పిల్లలకు కొద్దిపాటి మేలు మాత్రమే కనబడెను. మా అనుభవమున మనస్సు ముందు మారి పని తరువాత జరుగుట అరుదు. ఒక చిన్నపని ముందు జరుగును. దానిని చూచి మనస్సు మారును. లెక్క వ్రాయుట రాదనిన రైతుచేత నెలదినములు పాలలెక్క మాత్రము వ్రాయింపుడు. పాలకేంద్రము చీటీకిని తన పుస్తకమునకును అర్ధలీటరు భేదము కనుగొనిననాడు, వంశముమాట అతడు మరల ఎత్తడు.

తప్పిననాడు ఏమి చేయవలెను? పెక్కు సంకల్పములు మొదటి తప్పుతోగాక, ఆ తప్పు తరువాత వచ్చు "ఇక పోయినదిలే" అను మాటతో చచ్చును. వరి నాటిన వారము పదిదినములకు మనము పొలము చుట్టివచ్చి, నాటు పడనిచోట మిగిలిన నారుతో మరల కుదురులు పెట్టుదుము. పది కుదుళ్లు చచ్చినవని మడి దున్నివేయువాడు ఎవడును లేడు. ఒక దినము పరుపు వేయుట మరచినచో మరునాడు మామూలుగా రెండు తట్టలే వేయవలెను. నిన్నటి శిక్షగా నాలుగు వేయబోయినచో మూడవనాడు విసుగు పుట్టును. పైన చెప్పిన లండను పరిశీలనలోను, ఒక్కనాడు తప్పుటవలన అలవాటు పట్టుటకు చెప్పుకోదగిన నష్టము కలుగలేదు. అయితే వరుసగా రెండు వారములు తప్పినచో, తప్పు మనిషియందు వెదకక పనియందు వెదకవలెను. గుంట కొట్టమునకు మిక్కిలి దూరముననున్నదేమో, తట్ట చిరిగెనేమో, ఎండాకు అయిపోయెనేమో చూడుడు. ఒక గ్రామమున ముగ్గురు రైతులు ఒకేసారి మానివేసిరి. విచారింపగా ముగ్గురకును కలిపి ఒకే పార యున్నదని తేలెను.

ఇక సంఘములు చేయదగినది. సర్వసభ్య సమావేశమున అందరిచేతను చేతులెత్తించి ప్రతిజ్ఞ చేయించుట మానుట మేలు. చేతులెత్తుటలో మనవారు ఎవ్వరికిని తీసిపోరు. బాకీదారుల పేర్లు గోడకంటించి సిగ్గుపరచుటయు మాకు సమ్మతము కాదు; సిగ్గుపడినవాడు సంఘమువైపు రాక వేరొక వీథిని నడచును. దానికి బదులు, కోతలకు నెలదినములు ముందు కార్యదర్శి ప్రతి సభ్యునకు ఒక చిన్న చీటీ వ్రాసి ఇయ్యవచ్చును. అందులో అసలు, వడ్డీ, గడువు తేదీ, గడువులోపల కట్టినచో మిగులు సొమ్ము, ఆనాటి ధరకు ఎన్ని బస్తాలగునో, పంట అంచనానుబట్టి ఎన్నింట ఒకటియో వ్రాయవలెను. చీటీని ఇంటి యజమానికి మాత్రమేగాక ఇల్లాలి ఎదుట చదివి వినిపింపవలెను. కోతలనాళ్లలో కార్యదర్శియో, పంచాయతీదారులలో ఒకరో వారమునకు రెండు దినములు రసీదు పుస్తకముతో కల్లములు, కొనుగోలు కేంద్రములు తిరిగినచో, రైతు పట్టణమునకు పోయివచ్చు బాడుగయు ఒక పూట పనియు మిగులును. మొత్తము సొమ్ము ఒక్కసారి కట్టలేనివాడు ఐదు బస్తాల వెల ఇచ్చినను ఆనందముతో జమకట్టి రసీదు ఇయ్యవలెను, "మిగతా ఎప్పుడు?" అని ఆ క్షణముననే అడుగరాదు.

ఈ చీటీలు వ్రాయుటకు సభ్యుని సాగు విస్తీర్ణము, పైరు, కౌలు వివరములు కార్యదర్శివద్ద ఉండవలయును. రబీ వరి కోతకు వచ్చుచున్నది గనుక, ఇప్పటికే ఋణము గల సభ్యులు తమ ఋణపుస్తకముతో ఈ పక్షముననే కార్యాలయమునకు వచ్చి ఆ వివరములు వ్రాయించిపోవుట మంచిది. వచ్చునప్పుడు, గోనెసంచులకు బొట్టు పెట్టుటకు ఎర్రమన్నే కావలెనా, జాజు పనికివచ్చునా యని మమ్ములను అడిగినవారు ఇద్దరు ముగ్గురు కలరు. ఏదైనను సరియే, వానకు తడిసినను చెరగకుండిన చాలును.